షీల్డ్ పోయింది, దీపావళీ పోయింది

ప్రశ్న: అక్కా, నమస్కారం. మీ శీర్షిక మా ఆవిడ వారం వారం చదువుతుంది. "నా మాట ఎలాగూ వినరు, ఆవిడకైనా రాయండి" అంటే రాస్తున్నాను. నాకు 36 ఏళ్లు. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి ఖరగ్‌పూర్ వచ్చాడు, ఇక్కడే ఉండిపోయాం. నాన్న కలకత్తా ఫుట్‌బాల్ జట్టు ఈస్ట్ బెంగాల్ మనిషి. కుర్రతనంలో హైదరాబాదీ హబీబ్ ఆట చూసి ఆ జట్టుకు అతుక్కుపోయాడట. నాకూ అదే అంటుకుంది. 2025 అక్టోబర్ 18న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్, మా పాత వైరి మోహన్ బగాన్‌తో. ముందు గోల్ మాదే. ఆఖరికి పెనాల్టీల్లో 5-4తో పోయింది. ఇంట్లో టీవీలో చూస్తున్నాను, చేతిలో ఉన్న రిమోట్ గోడకేసి కొట్టాను. పక్కనే కూర్చున్న ఎనిమిదేళ్ల పాప బెదిరి ఏడ్చింది. "ఎవరో బంతి తన్నుకుంటే మీకేం పోయిందండీ" అని మా ఆవిడ అంటే ఆవిడ మీదా అరిచాను. దీపావళి దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, పాపతో మతాబులు కూడా కాల్పించలేదు. చిన్నప్పటి నుంచి కలిసి చదువుకున్న బెంగాలీ స్నేహితుడు ఒకడున్నాడు, మోహన్ బగాన్ వీరాభిమాని. మ్యాచ్ అయిన నిమిషానికే రొయ్యల కూర ఫోటో పంపాడు. బ్లాక్ చేశాను. పెనాల్టీ పోగొట్టిన ఆటగాడి ఇన్‌స్టాగ్రామ్‌లో రాయకూడనివి రాశాను. నాన్న ఇప్పుడు పలాసలో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే "పోన్లేరా, వచ్చేసారి చూద్దాం" అని భోజనానికి లేచాడు. నాకు మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు. నాది పిచ్చా అక్కా? ఫుట్‌బాల్ చూడటం మానేయాలా?
- పేరు వద్దు, ఖరగ్‌పూర్

సమాధానం:

తమ్ముడూ, నీది పిచ్చీ కాదు, ఆట మానేయనూ అక్కర్లేదు. కాకపోతే జట్టు ఓడిన బాధ, రిమోట్, స్నేహితుడు, ఆ ఆటగాడు, అన్నీ ఒకే మూటలో కట్టి పంపావు. వీటిలో బాధ న్యాయమైనదే. స్నేహితుడితో వచ్చింది చిల్లర గొడవ. మిగిలిన రెండూ మాత్రం తప్పులు. తప్పులకు తప్పులని పేరు పెడతాను, కోపం తెచ్చుకోకు.

ముందు బాధ సంగతి. ఆ ఫైనల్ నేనూ చూశాను. ఓడిపోవడంలో చాలా రకాలున్నాయి. మూడు గోల్స్ తేడాతో ఓడితే అరగంట ముందే మనసు సర్దుకుంటుంది, టీవీ కట్టేసి అన్నం తింటాం. ఇది అలాంటిది కాదు. మోహన్ బగాన్‌కు ముందు పెనాల్టీ వచ్చింది, కమింగ్స్ దాన్ని గోల్‌పోస్టు పైనుంచి కొట్టేశాడు. కాసేపటికే హమీద్ గోల్ చేశాడు. ఈ రోజు మనదే అని నీలాంటి వాళ్లంతా లేచి నిలబడి ఉంటారు. సగం ఆట ముగుస్తుందనగా అపుయా సమం చేశాడు. ఆ తర్వాత ఎంత ఆడినా గోల్ లేదు. సరిగ్గా షూటౌట్‌కు ముందు ఈస్ట్ బెంగాల్ కోచ్, మ్యాచ్ అంతా గోల్ కాపాడిన గిల్‌ను బయటికి పిలిచి దేబ్‌జిత్ మజుందార్‌ను దింపాడు. మోహన్ బగాన్ కొట్టిన ఐదూ లోపలికి వెళ్లాయి. ఇటు ఒకటి ఆగింది. అంతే.

గిల్‌నే ఉంచి ఉంటే? నీకు వారం రోజులు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదేనని నా అనుమానం. నీ ఒక్కడికే కాదులే, ఆ మార్పు మీద క్లబ్‌లోనే రగడ జరిగి గోల్‌కీపింగ్ కోచ్ సందీప్ నంది తప్పుకున్నాడు. వేలితో చూపించడానికి ఒక తప్పు దొరికిన ఓటమి అంత తొందరగా మానదు. రాత్రి పడుకున్నాక మనమే కోచ్ అవుతాం, మార్పు చేయం, కప్పు గెలుస్తాం, కళ్లు తెరిస్తే మళ్లీ 5-4.

ఇదంతా మనసులోనే జరుగుతుందనుకోకు, ఒంట్లో కూడా జరుగుతుంది. 1994 ప్రపంచ కప్ ఫైనల్ చూస్తున్న బ్రెజిల్, ఇటలీ అభిమానుల లాలాజలం తీసి అమెరికాలో పరీక్ష చేశారు. అదీ పెనాల్టీలతో తేలిన ఫైనలే. ఆట అయ్యాక గెలిచిన బ్రెజిల్ వాళ్లలో టెస్టోస్టిరాన్ పెరిగింది, ఇటలీ వాళ్లలో పడిపోయింది. కుర్చీలో కూర్చుని చూసిన మగవాళ్లకు, స్వయంగా ఆడి ఓడినట్టు. కాబట్టి "నీకేం పోయింది" అని ఎవరైనా అడిగితే, పోయిందనే చెప్పొచ్చు.

ఇక మీ నాన్న సంగతి. నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఇదే. రొయ్యల ఫోటో కన్నా ఆయన భోజనానికి లేవడమే నిన్ను ఎక్కువ కాల్చినట్టుంది. ఒకే జట్టు, ఒకే ఇల్లు, మరి ఆయనకెలా చెల్లింది?

లెక్క చూడు. మీ నాన్న కుర్రాడుగా ఉన్నప్పుడు, 1970 నుంచి 1975 దాకా ఆరేళ్లు వరసగా కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే. 1975 సెప్టెంబర్ 30న ఇదే ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో, ఇదే మోహన్ బగాన్ మీద 5-0. ఐదు! ఆ రాత్రి మోహన్ బగాన్ ఆటగాళ్లు కొందరు జనానికి ముఖం చూపించలేక గంగలో పడవ మీద తెల్లవార్చారని కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్‌లో 1,31,781 మంది కూర్చున్నారు. భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. అప్పుడు నీకు ఇప్పటి నీ పాప వయసు. ఇంట్లో ఆ రోజు సందడి నీకు కొంచెమైనా గుర్తుండాలి. 2003లో జకార్తాలో ఆసియాన్ క్లబ్ కప్పు గెలిచారు, 2003-04లో నేషనల్ లీగ్ గెలిచారు. నీకు పదిహేనేళ్లు నిండేసరికి విందు అయిపోయింది.

నీ వంతుకు వచ్చిందేమిటి? దేశం మొత్తం ఆడే లీగ్ ఆ తర్వాత ఈ షీల్డ్ ఫైనల్ నాటిదాకా ఒక్కసారీ రాలేదు. 2009 అక్టోబర్ డెర్బీలో, అంటే ఈ రెండు జట్ల పోరులో, 3-5. 2020లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లోకి వచ్చాక ఐదు సీజన్లలో జట్టు ఎన్నో స్థానంలో నిలిచిందో నీకు నోటికొచ్చే ఉంటుంది: తొమ్మిది, పదకొండు, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. డెర్బీలు వరసగా ఓడీ ఓడీ, 2023 ఆగస్టు 12న డూరాండ్ కప్‌లో నందకుమార్ గోల్‌తో ఒకటి గెలిచారు. ఊపిరి పీల్చుకునే లోపు, సెప్టెంబర్ 3న అదే డూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ పది మందితో ఆడుతూ పెట్రాటోస్ గోల్‌తో కప్పు పట్టుకుపోయింది. 2024 జనవరిలో సూపర్ కప్ వచ్చింది, నిజమే. పన్నెండేళ్లకు వచ్చిన జాతీయ స్థాయి కప్పు అది.

మీ నాన్న వయసులో ఉన్నప్పుడు వేసుకున్న డిపాజిట్ మీద ఇప్పటికీ వడ్డీ తింటున్నాడు. ఒక షీల్డ్ పోతే ఆయన ఖాతాలో కనిపించనే కనిపించదు. నీ ఖాతాలో అసలే లేదు, పైగా అప్పు. అందుకని ఆయనకు ప్రేమ తగ్గిందనో నీకు ఓర్పు లేదనో అనుకోవద్దు. అక్టోబర్ 18న నువ్వు ఏడ్చింది ఒక్క మ్యాచ్‌కు కాదు, ఇరవై ఏళ్లకు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఓటమి గురించి ఎత్తకు. 1975 గురించి అడుగు. ఆ రోజు ఆయన ఎక్కడున్నాడు, రేడియోలో విన్నాడా, కాలనీలో ఏం జరిగింది, జీతం రాకముందే మిఠాయిలు ఎవరు కొన్నారు. ఆయన భోజనం చల్లారిపోతుంది చూడు.

హబీబ్ గురించి కూడా అడుగు. మీ నాన్న నీకు సగం కథే చెప్పి ఉంటాడని నా అనుమానం. మహమ్మద్ హబీబ్ 1966లో హైదరాబాద్ నుంచి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. మైదానంలో పులి, బయట అందరికీ 'బడే మియా'. మరి నువ్వు గెలిచామని గొప్పగా చెప్పుకునే ఆ 5-0 ఏడాదికి హబీబ్ ఈస్ట్ బెంగాల్‌లో లేడు, తమ్ముడు అక్బర్‌తో కలిసి కలకత్తాలోనే ఇంకో క్లబ్ మొహమ్మెడాన్ స్పోర్టింగ్‌కు వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడాది అన్నదమ్ములిద్దరూ ఎక్కడ? మోహన్ బగాన్‌లో! 1976 లీగ్ డెర్బీలో ఆట మొదలైన 17వ సెకనులో ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టింది ఈ అక్బరే. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు 2-2తో ముగిసిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ హబీబ్‌ది, మోహన్ బగాన్ ఆకుపచ్చ-మెరూన్ చొక్కాలో. హైదరాబాద్ నుంచే వెళ్లిన నయీముద్దీన్ కూడా రెండు క్లబ్బులకూ ఆడినవాడే. ఆటగాళ్లకు అది బతుకుతెరువు, చొక్కా మారుస్తారు. మార్చలేనిది నీలాంటి వాళ్లే. అయినా మీ నాన్న హబీబ్‌ను తిట్టడం నువ్వు ఎప్పుడైనా విన్నావా? లేదని పందెం కాస్తాను. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో హబీబ్ కన్నుమూసినప్పుడు కలకత్తాలో ఇటువాళ్లూ అటువాళ్లూ కూడా ఏడ్చారు.

ఇప్పుడు రిమోట్ దగ్గరికొద్దాం. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను.

"గోడకేసి కొట్టాను" అని నువ్వు రాశావు. పాప చూసింది గోడను కాదు. నాన్న చెయ్యి లేవడం చూసింది. గోడకు తగిలింది కాబట్టి ఏమీ కాలేదని నువ్వు అనుకోవచ్చు, ఎనిమిదేళ్ల పిల్లకు ఆ లెక్క తెలియదు. ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి ఒక సంగతి. అమెరికాలో డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లనూ పోలీసు రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూసి 2011లో ప్రచురించారు. వాళ్ల ఫుట్‌బాల్ వేరే ఆట, కానీ మగవాళ్లు వాళ్లే. గెలుస్తుందనుకున్న సొంత జట్టు ఓడిపోయిన రోజు, ఇళ్లలో భార్యల మీద, సహచరుల మీద మగవాళ్ల దాడులు పది శాతం దాకా పెరిగాయి. సరిగ్గా మ్యాచ్ ముగిసే వేళ చుట్టూ ఆ కొద్ది సమయంలోనే. ఎదుటి జట్టు పాత వైరి అయితే ఇంకా ఎక్కువ. ఎలాగూ ఓడుతుందనుకున్న జట్టు ఓడితే పెద్ద తేడా లేదు.

ఇది చదివి "నేను అలాంటివాణ్ని కాదు" అంటావు. ఆ పోలీసు రికార్డుల్లో ఉన్న వాళ్లలో చాలామంది ముందు రోజు అదే మాట అని ఉంటారు. ఇందులో నీకు పనికొచ్చే విషయం ఏమిటంటే, ప్రమాదం ఎప్పుడు వస్తుందో గడియారం చూసి చెప్పొచ్చు. ఆఖరి విజిల్ తర్వాత ఒక గంట. ఆ గంటకు ముందే ఏర్పాటు చేసుకో. డెర్బీ రోజు చేతిలో రిమోట్, ఫోన్ పెట్టుకోకు. మందు అలవాటుంటే ఆ రోజు ముట్టకు. ఓడితే ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులేసుకుని బయటికి నడువు. రైల్వే కాలనీల్లో నడవడానికి రోడ్లకేం తక్కువ? ఇంట్లోవాళ్లకు ముందే చెప్పు, "ఓడితే నేను ఓ గంట బయటికి పోయి వస్తాను, కంగారు పడకండి" అని. సిగ్గు పడాల్సిన పనేం కాదు. ఇంకో మాట, ఒంటరిగా టీవీ ముందు కూర్చుని చూడటం తగ్గించు. మైదానంలో వేలమంది మధ్య ఓడితే ఆ ఏడుపు వేలమందిలో కలిసిపోతుంది. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు లోకల్ ఉండనే ఉంది.

పాపకు క్షమాపణ చెప్పావా? ఉత్తరంలో లేదు, కాబట్టి చెప్పలేదనే అనుకుంటాను. చాక్లెట్ కొనిస్తే అది క్షమాపణ కాదు. కూర్చోబెట్టి, "ఆ రోజు నాన్న వస్తువు విసిరాడు, అది తప్పు, నీ మీద కోపం కాదు" అని మూడు ముక్కలు చెప్పు. మతాబులు ఇంకా మిగిలే ఉంటే కార్తీక పౌర్ణమికి కాల్పించు. ఇది మొదటిసారి కాకపోయినా, మళ్లీ ఇలా జరిగినా, "ఆట పిచ్చి" అని సర్దుకోకుండా కౌన్సెలర్‌ను కలువు. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ సహాయం ఉంది, 14416. తెలుగులోనూ మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ ఉంటారు.

ఆ ఆటగాడి పేజీలో రాసినవి ఇంకా ఉంటే ఈ వాక్యం పూర్తిచేసే లోపు తీసేయ్. నువ్వు సోఫాలో కూర్చుని నిద్ర పోగొట్టుకున్నావు. వాడు మైదానం మధ్య నుంచి ఒంటరిగా నడిచి వెళ్లి, స్టేడియం అంతా అరుస్తుండగా బంతి పెట్టి కొట్టాడు. ఆగిపోయింది. ఆ రాత్రి వాడికి నీకన్నా మంచి నిద్ర పట్టిందనుకుంటున్నావా? పెనాల్టీ కొట్టడానికి ముందుకు రాని వాడికి పెనాల్టీ పోదు. వాడు వచ్చాడు. నీ పేరు కూడా గుర్తుండని చోట నువ్వు రాసిన బూతు, పొద్దున్నే ఫోన్ తీసిన వాళ్ల అమ్మ చదివి ఉండొచ్చు.

స్నేహితుడి గొడవకు ఎక్కువ స్థలం ఇవ్వను, ఎందుకంటే అందులో నీ పక్షం చాలా బలహీనంగా ఉంది. మన పాఠకులందరికీ తెలియకపోవచ్చు కాబట్టి ఒక మాట: కలకత్తాలో మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప. దేశవిభజనతో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఒకవైపు, పాత కలకత్తా వాళ్లు మరోవైపు, చేపల బజారులో కూడా పోటీయే. (ఆ ఇలిష్ మన గోదావరికి ఎదురీది వస్తే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలనే మనవాళ్లు ఏ జట్టువైపు ఉండాలో వేరే చెప్పాలా?) ఇంతకీ, 2025 ఆగస్టు 17న డూరాండ్ క్వార్టర్ ఫైనల్లో డయామంటాకోస్ రెండు గోల్స్‌తో మీరు 2-1తో గెలిచారు కదా. ఆ రాత్రి నువ్వు ఆ స్నేహితుడికి ఏం పంపావు? నీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు. ఇలిష్ ఫోటో పంపకుండా ఉన్నావంటే నేను నమ్మను. వాడు నిన్ను బ్లాక్ చేశాడా?

గెలిచారు కదా, వాళ్లకేం తెలుసు బాధ అంటావేమో. షీల్డ్ గెలిచిన ఆ రోజుల్లో మోహన్ బగాన్ అభిమానులు కూడా సొంత క్లబ్ మీద మండిపడుతున్నారు. ఆసియా టోర్నీ మ్యాచ్‌కు జట్టు ఇరాన్ వెళ్లనందుకు టోర్నీ నుంచే తీసేశారు, ఆ కోపం. మీ ఇద్దరి బాధ మీ ఇద్దరికే అర్థమవుతుంది, మీ ఆవిడకు కాదు, నాకూ కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గొడవై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. వాళ్ల కోసం ఏటా ఆ తారీఖున కలకత్తాలో రక్తదానం చేస్తారు, ఇచ్చే రక్తం ఏ జట్టు వాడిదని ఎవరూ అడగరు. 2024 ఆగస్టు 18న డూరాండ్ డెర్బీ రద్దయింది. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మాయి మీద జరిగిన దారుణంతో ఊరంతా రగులుతున్న రోజులు అవి. మ్యాచ్ లేకపోయినా రెండు జట్ల అభిమానులూ, మొహమ్మెడాన్ వాళ్లూ సాల్ట్ లేక్ స్టేడియం బయటికి వచ్చి, ఆ అమ్మాయికి న్యాయం కావాలని ఒకే గొంతుతో అరిచారు. లాఠీలు కూడా కలిసే తిన్నారు. అంతటి పని కలిసి చేయగలిగిన వాళ్లు ఒక రొయ్యల కూర ఫోటోకు విడిపోవడం ఏం బాగుంటుంది? బ్లాక్ తీసెయ్. ఏం రాయాలో తోచకపోతే "కూర ఉప్పగా ఉందా?" అని రాయి, మిగతాది వాడే చూసుకుంటాడు.

కోపం అంతా మింగెయ్యమని చెప్పడం లేదు. నీ కోపానికి అసలు చిరునామా ఉంది. ఐదు సీజన్లలో నాలుగుసార్లు తొమ్మిదో స్థానం అంటే అది ఒక ఆటగాడి కాలి తప్పు కాదు. ఇన్వెస్టర్లు మారడం, వాళ్లతో ఒప్పందం సంతకాల మీద పేచీలు, సీజన్ మొదలయ్యే ముందు హడావుడిగా జట్టు కట్టడం, ఇవన్నీ నీకు నాకన్నా బాగా తెలుసు. 2021 జూలైలో ఆ సంతకాల గొడవ మీదే అభిమానులు క్లబ్ టెంట్ (క్లబ్ ఆఫీసు) ముందుకు వెళ్లి నిలదీశారు. పోలీసుల దెబ్బలు కూడా తిన్నారు. నీ కోపాన్ని అక్కడికి పంపు. క్లబ్‌లో సభ్యత్వం తీసుకో, ఎన్నికలప్పుడు ఓటు వెయ్యి, బ్యానర్ పట్టుకో, ఉత్తరం రాయి. బాగా రాస్తావు, నాకు రాసింది చూస్తేనే తెలుస్తోంది. కోచ్‌నూ కమిటీనీ ప్రశ్నించడం అభిమాని హక్కు. పెనాల్టీ పోయిన కుర్రాడి అమ్మను తిట్టడం హక్కు కాదు.

నీ ఉత్తరం నా చేతికి వచ్చాక ఇంకో డెర్బీ కూడా అయిపోయింది. అక్టోబర్ 31న గోవాలోని ఫతోర్దాలో సూపర్ కప్ మ్యాచ్, 0-0. గోల్స్ తేడాతో ఈస్ట్ బెంగాల్ సెమీఫైనల్‌కు వెళ్లింది, మోహన్ బగాన్ ఇంటికి వెళ్లింది. ఆ రాత్రి నువ్వు హాయిగా పడుకునే ఉంటావు. ఆ సంతోషంలో పైన చెప్పిన పనులు వాయిదా వేసి ఉంటావని కూడా అనుకుంటున్నాను. గెలిచినప్పుడు చెప్పే క్షమాపణకు ఇంకా విలువ ఉంటుంది, ఓడి తలదించుకుని చెప్పినట్టు ఉండదు. ఈ వారమే చెప్పు.

ఇక అమ్మా, ఈ శీర్షిక నువ్వే ముందు చదువుతావని మీ ఆయన రాశాడు కాబట్టి నీకు రెండు మాటలు. "బంతి తన్నుకుంటే మీకేం పోయింది" అనే మాటలో తప్పేమీ లేదు, కానీ ఆ రాత్రి అనకు, మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అను. అప్పుడైతే ఆయనే నవ్వుతాడు. అలాగని అరిచినా విసిరినా భరించమని నేను చెప్పడం లేదు. మళ్లీ వస్తువు లేస్తే పాపను తీసుకుని ఆ గదిలోంచి వచ్చెయ్, పలాసకు ఫోన్ చేసి మామగారికి చెప్పు. 5-0 చూసిన మనిషి మాట ఆయన వింటాడు. కొత్త రిమోట్ ఖరీదు ఇంటి ఖర్చులో రాయకు, ఆయన మ్యాచ్ టికెట్ల డబ్బుల్లోంచి కొయ్యి.